కీమో నడుస్తున్న కుక్కకి యాంటీబయాటిక్ ఇవ్వచ్చా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది కాకినాడ. వీధిలోంచి తెచ్చి పెంచుకుంటున్న ఆడకుక్క ఉంది, పేరు చిట్టి, నాలుగేళ్లు, పదహారు కిలోలు. మూత్రం పోసే చోట కాలీఫ్లవర్ లాంటి గడ్డ వచ్చి రక్తం కారుతుంటే చూపించాం. కణాలు తీసి పరీక్ష చేసి, జతకట్టినప్పుడు అంటుకునే క్యాన్సర్ అన్నారు. వారానికోసారి విన్‌క్రిస్టిన్ అనే కీమో ఇంజక్షన్. రెండు అయ్యాయి, గడ్డ సగానికి తగ్గింది. కానీ రెండోది చేసిన అయిదో రోజు నుంచి డల్‌గా ఉంది. ఒకసారి వాంతి చేసుకుంది. థర్మామీటర్ పెడితే 101.8 చూపించింది. సూది గుచ్చిన ముందుకాలు వాచి, చర్మం నల్లబడి రసి కారుతోంది. దగ్గర్లోని డాక్టరు గారు అమాక్సిసిలిన్-క్లావ్ ఏడు రోజులకి రాశారు. అంతకుముందే చెవుల దగ్గర గుండ్రటి మచ్చలకని ఇంకో డాక్టరు ఇచ్చిన ఇట్రకొనజోల్ క్యాప్సూల్స్ కూడా నడుస్తున్నాయి. మెడికల్ షాపులో పనిచేసే మా పక్కింటి అబ్బాయేమో, ‘కీమో మీద యాంటీబయాటిక్ వేస్తే కిడ్నీలు పోతాయి ఆంటీ, తప్పదంటే అజిత్రోమైసిన్ మూడు రోజులు వేయండి చాలు’ అంటున్నాడు. మా ఆయన అన్నీ ఆపేద్దామంటున్నారు. ఎల్లుండి మూడో ఇంజక్షన్. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, తొందర ఉన్న సంగతులు మీ ఉత్తరం చూసిన వెంటనే ఫోన్లో చెప్పేశాను. అమాక్సిసిలిన్-క్లావ్ ఆపవద్దని, ఇట్రకొనజోల్ సంగతి మాత్రం కీమో చేస్తున్న డాక్టరు గారికి ఆ రోజే తెలియజేయమని, రక్తపరీక్ష చూడకుండా మూడో ఇంజక్షన్ వేయించవద్దని. అలా ఎందుకన్నానో ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య తరచుగా వస్తున్నాయి. అందరూ యాంటీబయాటిక్ గురించే భయపడుతున్నారు. పక్కన నడుస్తున్న మిగతా మందుల గురించి ఎవరూ అడగడం లేదు.

ముందు ఆ 101.8 సంగతి. మనకి 98.6 మామూలు కాబట్టి 101 దాటితే కంగారు పడతాం. కుక్కకి మామూలు వేడే 101 నుంచి 102.5 దాకా ఉంటుంది. అంటే మీరు చూసిన రోజున చిట్టికి జ్వరం లేదు. అయితే ఆ లెక్క మలద్వారంలో పెట్టి చూసినదైతేనే. చంకలోనో తొడ సందులోనో పెట్టి చూస్తే తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మలేం. డిజిటల్ థర్మామీటర్ ఒకటి కుక్కకే అని విడిగా ఉంచి, కొనకి కాస్త వాజ్‌లీన్ రాసి, రోజుకి రెండుసార్లు చూసి రాసిపెట్టండి. కీమో మీదున్న కుక్కకి 103 దాటితే పొద్దున్న చూద్దాంలే అనుకోకూడదు. ఇంకో మాట. బాగా నీరసించిన కుక్కకి వేడి 100 కన్నా దిగిపోయి, చెవులు, పాదాలు చల్లబడితే అది జ్వరం తగ్గిందన్న శుభవార్త కాదు. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకినప్పుడు ఒళ్లు అలా చల్లబడిపోవచ్చు.

ఇప్పుడు అయిదో రోజు గురించి. కీమో మందు క్యాన్సర్ కణాలతో పాటు వేగంగా పుట్టే మంచి కణాలనీ దెబ్బతీస్తుంది. ఎముక మజ్జలో తయారయ్యే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు వాటిలో ముఖ్యమైనవి. సూక్ష్మజీవుల మీదికి మొదట వెళ్లేవి ఇవే. విన్‌క్రిస్టిన్ తర్వాత వీటి సంఖ్య సుమారు నాలుగో రోజు నుంచి ఏడో రోజు లోపల అడుగుకి చేరుతుంది. డాక్సోరుబిసిన్ లాంటి వేరే కీమో మందులైతే వారం, పది రోజుల మధ్య. అదే సమయంలో పేగుల లోపలి పొర కూడా పలచబడి ఉంటుంది కాబట్టి, బయటి నుంచి ఏ క్రిమీ రానక్కర్లేదు, కుక్క పేగుల్లో ఎప్పుడూ ఉండే బ్యాక్టీరియాయే రక్తంలోకి జొరబడుతుంది. మీ చిట్టి సరిగ్గా ఆ రోజుల్లోనే డల్‌గా అయింది. అందుకే నాకు ఏ మాత్ర వేశారన్నదాని కన్నా కౌంట్ ఎంత ఉందన్నది ముందు కావాలి.

కౌంట్ చూడటం మీరే నేర్చుకోవచ్చు. మన ల్యాబుల్లో సీబీసీ (రక్తకణాల లెక్క) చేస్తే మొత్తం తెల్ల కణాల సంఖ్య ఒక చోట, వాటిలో న్యూట్రోఫిల్స్ ఎంత శాతమో ఇంకో చోట ఉంటుంది. రెండూ గుణించుకోవాలి. మొత్తం 4,200 ఉండి న్యూట్రోఫిల్స్ 30 శాతమైతే అసలు సంఖ్య 1,260. చాలామంది ‘4,200 ఉందిగా, కాస్త తక్కువంతే’ అని ఊరుకుంటారు. ఆ 1,260 మీద కీమో వేయరు. 1,500 లోపు ఉంటే వారం వాయిదా వేస్తారు, కొందరు డాక్టర్లు 2,000 దగ్గరే ఆపుతారు. వెయ్యి కన్నా దిగితే జ్వరం లేకపోయినా ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ మొదలుపెట్టే పద్ధతి ఉంది. వెయ్యి లోపు ఉండి జ్వరం కూడా ఉంటే ఇక మాత్రల పని కాదు, ఆసుపత్రిలో పెట్టి సెలైన్, నరంలోకి యాంటీబయాటిక్. రక్తం మాత్రం జంతువుల శాంపిల్స్ చేసే ల్యాబ్‌కే ఇవ్వండి. మనుషుల కోసం సెట్ చేసిన మెషీన్ కుక్క ప్లేట్‌లెట్లని తప్పు లెక్కపెట్టడం మామూలే.

మీ పక్కింటి అబ్బాయి అన్న కిడ్నీల మాట పూర్తిగా గాలి మాట కాదు. జెంటామైసిన్, అమికాసిన్ ఇంజక్షన్లు కిడ్నీలని దెబ్బతీయగలవు. వాంతులతో ఒంట్లో నీరు తగ్గిన కుక్కకి, సిస్‌ప్లాటిన్ లాంటి కిడ్నీకి భారమైన కీమో నడుస్తున్న కుక్కకి వాటిని వేయాలంటే చాలా ఆలోచించాలి. కానీ మీ డాక్టరు రాసింది అది కాదు. అమాక్సిసిలిన్-క్లావ్ పెన్సిలిన్ కుటుంబంది. విన్‌క్రిస్టిన్‌తో గొడవపడదు, మజ్జ జోలికి వెళ్లదు. పెన్సిలిన్ పడని కుక్క కాకపోతే దీంతో వచ్చే ఇబ్బంది వాంతి, విరేచనాలే. అన్నంతో పాటు ఇస్తే అదీ తగ్గుతుంది. ఇందులోని క్లావులానిక్ ఆసిడ్‌కి తేమ అస్సలు పడదు. మీది సముద్రం పక్క ఊరు. మాత్రలన్నీ ముందే విరిచి డబ్బాలో పోసుకోకండి, ఏ పూటది ఆ పూటే స్ట్రిప్పులోంచి తీయండి.

అజిత్రోమైసిన్ గురించి. మనుషులకి గొంతు నొప్పికి మూడు మాత్రలు మింగే అలవాటు కుక్కల దాకా వచ్చేసింది. చర్మం మీద పుండుకి గానీ, పేగుల్లోంచి రక్తంలోకి వచ్చే బ్యాక్టీరియాకి గానీ అది సరైన ఎంపిక కాదు. దాని కుటుంబంలోనే ఉన్న ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్‌లతో ఇంకో చిక్కుంది. విన్‌క్రిస్టిన్‌ని విరగ్గొట్టే లివర్ ఎంజైముకి అవి అడ్డం పడతాయి. అజిత్రోమైసిన్‌కి ఆ గుణం చాలా తక్కువే. అయినా పనికిరాని మందుని ప్రమాదం తక్కువని వేయడంలో అర్థం లేదు.

ఆ అడ్డం పడే గుణం బలంగా ఉన్న మందు మీ ఇంట్లోనే ఉంది. ఇట్రకొనజోల్. అది యాంటీబయాటిక్ కాదు, ఫంగస్ మందు. అందుకే ‘యాంటీబయాటిక్ ఏమైనా ఇస్తున్నారా’ అని డాక్టరు అడిగితే ‘లేదు’ అనేస్తాం. విన్‌క్రిస్టిన్ ఒంట్లోకి వెళ్లాక లివర్‌లోని సీవైపీ3ఏ అనే ఎంజైములు దాన్ని విరగ్గొడతాయి. పి-గ్లైకోప్రోటీన్ అనే పంపు కణాల్లోంచి దాన్ని బయటికి తోడేస్తుంది. ఇట్రకొనజోల్, కీటోకొనజోల్ ఈ రెండు పనులకీ అడ్డం పడతాయి. దాంతో డాక్టరు సరిగ్గా లెక్కకట్టి ఇచ్చిన డోసే ఒంట్లో ఎక్కువసేపు నిలిచి, ఎక్కువ డోసులా పనిచేస్తుంది. కౌంట్ మామూలు కన్నా లోతుగా పడిపోవచ్చు, పేగులు కదలక మలబద్ధకం, వాంతులు రావచ్చు, వెనకకాళ్లు తూలవచ్చు. రక్త క్యాన్సర్ పిల్లల వైద్యంలో ఈ రెండు మందులూ కలిస్తే నరాలు తీవ్రంగా దెబ్బతిన్న కేసులు బాగా నమోదై ఉన్నాయి. పిల్లల డాక్టర్లు అందుకే ఈ జంటంటే జంకుతారు. చిట్టి డల్ అవడానికి ఇదే కారణమని ఉత్తరం చూసి నేను తేల్చలేను. కానీ నా అనుమానం మొదట పోయేది ఇటే.

పైగా ఇట్రకొనజోల్ ఆపిన మర్నాడే ఒంట్లోంచి పోయేది కాదు. ఈ రోజు ఆపి ఎల్లుండి ఇంజక్షన్ వేయిస్తే ఆపినట్టు కాదన్నమాట. ఎన్ని రోజులు జరపాలి, డోసు తగ్గించాలా అన్నది కీమో చేస్తున్న డాక్టరు నిర్ణయం. చెవి మచ్చలు అసలు ఫంగసేనా అని వెంట్రుకలు తీసి పరీక్ష చేయించండి. రెండు మూడు మచ్చలే అయితే మైకొనజోల్ కలిసిన షాంపూనో, పైపూత మందో సరిపోవచ్చు. ఇద్దరు డాక్టర్లూ వాళ్ల వాళ్ల మేరకు సరైన మందే రాశారు. ఒకరి చీటీ ఇంకొకరు చూడలేదు, అంతే.

ఇదే పంపుతో సంబంధమున్న ఇంకో మందు ఐవర్‌మెక్టిన్. మన దగ్గర గోమార్లకీ గజ్జికీ ఉజ్జాయింపు లెక్కన ఇంజక్షన్ చేసేస్తుంటారు. కాలీ, షెల్టీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ లాంటి జాతుల్లో ఈ పంపు పుట్టుకతోనే పనిచేయని కుక్కలుంటాయి. వాటికి విన్‌క్రిస్టిన్, డాక్సోరుబిసిన్ మామూలు డోసులో కూడా విషమవుతాయి. మీది వీధి కుక్క కాబట్టి ఆ అవకాశం తక్కువ. అయినా కీమో పూర్తయ్యేదాకా గోమార్లకి ఏ మందైనా డాక్టరుకి చెప్పే వాడండి.

ఇక కాలు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. విన్‌క్రిస్టిన్ మన పెరళ్లలో పూసే బిళ్లగన్నేరు మొక్క నుంచి వచ్చిన మందు. నరంలోకి సాఫీగా వెళితే ఫరవాలేదు, ఒక్క చుక్క నరం పక్కకి కారినా అక్కడి కండని, చర్మాన్ని చంపేస్తుంది. అయిదారు రోజులకి వాపు, నలుపు, రసి. చూడటానికి అచ్చం చీముపట్టిన పుండులాగే ఉంటుంది. కానీ మొదలైంది బ్యాక్టీరియాతో కాదు, మందుతో. అందుకే ఎన్ని యాంటీబయాటిక్‌లు మార్చినా ఆ నల్లబడిన తోలు వెనక్కి రాదు. చచ్చిన చర్మం ఊడి, కింద నుంచి కొత్తది రావడానికి వారాలు పడుతుంది. కౌంట్ తక్కువున్న కుక్కకి అలా తెరుచుకున్న పుండు క్రిములకి దారి కాబట్టి ఇప్పుడు యాంటీబయాటిక్ అవసరమే కావచ్చు. పుండులోంచి స్లైడ్ తీసి చూస్తే బ్యాక్టీరియా ఉందో లేదో తెలుస్తుంది. ఉంటే కల్చర్‌కి, అంటే ఆ బ్యాక్టీరియాని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకి పంపడం మంచిది. గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలకి అనుబంధ ఆసుపత్రులున్నాయి, కల్చర్ ఎక్కడ చేస్తారో మీ డాక్టరు అక్కడ వాకబు చేయగలరు. ఒక నియమం: కల్చర్ శాంపిల్ యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే తీయాలి. మీరు ఇప్పటికే మొదలుపెట్టారు కాబట్టి ఆ సంగతి ల్యాబ్‌కి చెప్పండి.

ఇంట్లో మీరు చేయాల్సింది ఏమిటంటే, మెడకి కాలర్ కట్టి నాకనివ్వకుండా చూడటం, సెలైన్‌తో కడగటం. పిసకొద్దు, పసుపు నూరి పట్టించొద్దు. విన్‌క్రిస్టిన్ కారినప్పుడు మొదటి రోజైతే గోరువెచ్చటి కాపడం పెట్టేవాళ్లం, డాక్టర్లు ఆ చోట హయలురోనిడేజ్ ఇంజక్షన్ కూడా చేస్తారు. ఆ సమయం దాటిపోయింది. డాక్సోరుబిసిన్ కారితే మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం, ఐసు కాపడం పెట్టాలి. వేడి పెడితే ఇంకా చెడుతుంది. మూడో ఇంజక్షన్ వేరే కాలికి, నరంలో కొత్తగా పెట్టిన కాన్యులా గొట్టంలోంచి, ముందు సెలైన్ ఎక్కించి సాఫీగా వెళుతోందని చూసుకున్నాకే ఇవ్వమని అడగండి. అడిగితే డాక్టరు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. చిట్టిని గట్టిగా పట్టుకోవడానికి ఇంట్లోంచి ఒక మనిషి అదనంగా వెళ్లండి. కుక్క ఒక్కసారి కాలు లాక్కుందంటే సూది జరిగిపోతుంది.

మిగతా యాంటీబయాటిక్‌ల గురించి క్లుప్తంగా. మనుషుల సిప్రోఫ్లాక్సాసిన్ కుక్క పేగుల్లో ఒక్కోసారి ఒక్కోలా ఒంటబడుతుంది, నమ్మకం లేదు. ఆ రకం మందే కావాలంటే కుక్కలకి ఎన్రోఫ్లాక్సాసిన్ ఉంది. దాన్నీ డాక్సీసైక్లిన్‌నీ పాలు, పెరుగన్నంలో కలిపి పెట్టకూడదు, కాల్షియం పట్టుకుని మందుని ఒంటబట్టనివ్వదు. కడుపులో పుండ్లకిచ్చే సుక్రాల్‌ఫేట్‌కీ ఎన్రోఫ్లాక్సాసిన్‌కీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉంచండి. సల్ఫా మందులు, క్లోరాంఫెనికాల్ అసలే మజ్జ మీద పనిచేసేవి కాబట్టి కీమో రోజుల్లో వాటిని పక్కన పెడితేనే మంచిది. కీమో విరేచనాలకి మెట్రోనిడజోల్ వేసేయడం మన దగ్గర ఆనవాయితీ. కుక్క హుషారుగా ఉండి, కౌంట్ బాగుంటే చాలాసార్లు అది లేకుండానే తగ్గుతాయి. డోసు ఎక్కువైతే, రోజులు పెరిగితే అది మెదడు మీద పనిచేసి కుక్క తూలుతుంది, కళ్లు పక్కలకి కొట్టుకుంటాయి. విన్‌క్రిస్టిన్ కూడా తూలేలా చేయగలదు కాబట్టి ఏది ఎందువల్ల జరిగిందో తెలియక డాక్టరు తికమకపడతారు.

డాక్సీసైక్లిన్ పేరు ఎత్తాను కాబట్టి, దాన్ని వాడే గోమార్ల జ్వరం గురించి చెప్పాలి. మన జిల్లాల్లో ఆ జ్వరం తెచ్చే ఎర్లీకియా అనే క్రిమి లేని పేట లేదంటే అతిశయోక్తి కాదు. అది కూడా జ్వరం, నీరసం తెస్తుంది, ప్లేట్‌లెట్లు పడగొడుతుంది, ముదిరితే తెల్లకణాలనీ తగ్గిస్తుంది. కీమో వల్లే కౌంట్ పడిందనుకుని దీన్ని వదిలేస్తే రెండు వారాల వాయిదాలు వేసినా కౌంట్ లేవదు. వీధి నుంచి వచ్చిన కుక్క కాబట్టి సీబీసీ ఇచ్చేటప్పుడే బ్లడ్ స్మియర్ (స్లైడ్ మీద పరిచిన రక్తం చుక్క) కూడా చూడమనండి. స్మియర్‌లో కనిపించకపోయినా అనుమానం గట్టిగా ఉంటే క్రిమి జన్యు పదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్ష చేయిస్తారు.

జ్వరానికని ఇంట్లో ఉన్న పారాసెటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ జోలికి వెళ్లకండి. చివరి రెండూ కుక్క కడుపులో పుండ్లు చేసి కిడ్నీ మీద పడతాయి. పారాసెటమాల్ ఆ 103ని మీ కంటికి కనిపించకుండా చేస్తుంది, డోసు మీరితే లివర్‌నీ దెబ్బతీస్తుంది. జ్వరం అనగానే ఆ రకానికే చెందిన మెలోక్సికామ్ అనే నొప్పుల ఇంజక్షన్ పొడిచే అలవాటున్న చోటికి వెళితే, కుక్క కీమోలో ఉందని సిరంజి నింపకముందే చెప్పండి. ఎక్కడైనా ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్ కూడా నడుస్తుంటే మెలోక్సికామ్, స్టెరాయిడ్ రెండూ కలవనే కూడదు.

లింఫోమాకి (లింఫు కణాల క్యాన్సర్‌కి) తమ కుక్కకి కీమో చేయిస్తున్న పాఠకులకి ఇక్కడే ఒక మాట. సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు వాడుతున్న కుక్క మాటిమాటికీ ముక్కుతూ రక్తం కలిసిన మూత్రం పోస్తే అది ఇన్‌ఫెక్షనే కానక్కర్లేదు. ఆ మందు విరిగినప్పుడు పుట్టే అక్రోలీన్ మూత్రాశయం గోడని కాల్చడం వల్ల కూడా అచ్చం అలాగే ఉంటుంది. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు, ఆ కీమో మందునే మార్చాలి. పొట్ట మీంచి సూదితో తీసిన మూత్రాన్ని కల్చర్ చేస్తేనే తేడా తెలుస్తుంది. కల్చర్ రాకముందే వారానికో యాంటీబయాటిక్ మారుస్తూ పోయిన కేసులు చాలా చూశాను.

మీ వారు అన్నీ ఆపేద్దామనడం నాకు అర్థమవుతుంది. కానీ ఈ క్యాన్సర్ మిగతా వాటిలాంటిది కాదు. ఆ గడ్డ కణాలు చిట్టివే కావు, జతకట్టినప్పుడు ఇంకో కుక్క నుంచి వచ్చి అంటుకున్నవి. కుక్క కణంలో 78 క్రోమోజోములుంటే వీటిలో అరవై దరిదాపుల్లోనే ఉంటాయి. వేల ఏళ్ల కింద ఏదో ఒక కుక్కలో పుట్టి, ఆ కుక్క పోయినా ఒకదాన్నుంచి ఇంకొకదానికి పాకుతూ బతికొస్తున్నాయి. అంత మొండివీ విన్‌క్రిస్టిన్‌కి లొంగుతాయి. పూర్తి కోర్సు చేసిన వాటిలో పదికి తొమ్మిదికి పైగా కుక్కలకి నయమవుతుంది. సాధారణంగా నాలుగు నుంచి ఆరు ఇంజక్షన్లు, కొన్నిటికి ఇంకో రెండు. గడ్డ సగం తగ్గి రక్తం ఆగగానే మానేసే వాళ్లే ఎక్కువ, మళ్లీ పెరిగాక వచ్చేదీ వాళ్లే. వారం వాయిదా పడితే నష్టం లేదు. మానేస్తేనే నష్టం.

కాబట్టి ఇంజక్షన్ రోజున డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రెండు చీటీలూ, వాడుతున్న ప్రతి మందు స్ట్రిప్పూ, వేడి రాసుకున్న కాగితం, ఆ ఉదయమో ముందు రోజో చేయించిన సీబీసీ తీసుకెళ్లండి. అమాక్సిసిలిన్-క్లావ్ ఎన్నాళ్లు కొనసాగించాలన్నది కాలు చూశాక, కౌంట్ చూశాక ఆయనే చెబుతారు. మిగిలిన మాత్రలు ఇంకోసారికని దాచకండి. ఇంజక్షన్ అయిన మూడు రోజుల పాటు చిట్టి మలమూత్రాలు చేతికి గ్లౌజులు వేసుకుని తీయండి. ఇంట్లో గర్భిణులు, చంటిపిల్లలు ఉంటే వాళ్లని ఆ పనికి దూరంగా ఉంచండి. ఈలోగా వేడి 103 దాటినా, వాంతులు ఆగకపోయినా, లేవలేకపోయినా, చిగుళ్లు పాలిపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. అర్ధరాత్రయినా రాత్రిపూట తెరిచి ఉండే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. అదెక్కడుందో ఫోన్ చేసి ఈరోజే కనుక్కుని పెట్టుకోండి.